పదకొండో పడక

ఆ ఎండాకాలం మా ఇంట్లో ముగ్గురం ఒకే కొండను నమ్ముకుని బతికాం. మామయ్యా నేనూ కొండకి ఇటువైపు గుహలో పాత రాతలకి అచ్చులు తీసేవాళ్ళం. మా బావ అదే కొండకి అటువైపు క్వారీలో టిప్పర్ నడిపేవాడు. పొద్దున్నే మూడు క్యారేజీలు కట్టుకుని ఒకే గుమ్మంలోంచి బయల్దేరి, బస్టాపు దగ్గర విడిపోయేవాళ్ళం. "మీరు దాచండి, మేం పగలగొడతాం" అని బావ రోజూ అదే జోకు వేసేవాడు. మామయ్య ఒక్కరోజు కూడా నవ్వలేదు.

మామయ్య అంటే మా అమ్మకి అన్న, నా మొగుడైన ఈ బావకి తండ్రి. శాసనాల ఆఫీసులో ముప్ఫై ఎనిమిదేళ్ళ సర్వీసు. రాతి మీద చెక్కిన అక్షరాలను ఉన్నదున్నట్టు కాగితం మీదకి ఎక్కించి తేవడమే ఆయన ఉద్యోగం. ఆ ఏడు వానలు తగ్గేసరికి రిటైరవుతాడు. ఆ ఖాళీలో నన్ను వేయించాలని ఆయన ఆశ. ఆశంతా ఆయనదేనని తప్పుకోను, నాది అంతకు రెండింతలు. ఏడేళ్ళు రోజుకూలీ మీద ఆయన వెనకాల తిరిగి కొండలెక్కాను, నీళ్ళు మోశాను, కాగితాలు తడిపాను. అంతవరకూ ఆ పనిలో ఆడవాళ్ళెవరూ లేరు.

ఆఫీసులో పాత లిపులు చదివే పెద్దాయన్ని అందరూ లిపిసారు అనేవాళ్ళు. ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నాడు. ఆ గుహలో పదకొండు రాతలున్నాయి. పది మామయ్య తియ్యాలి. ఒక్కటి మాత్రం ఎవరి సాయమూ లేకుండా నేను తీసి చూపించాలి. అది బాగుంటే ఉద్యోగం నాది.

ఇందులో ఒక చిక్కుంది. మామయ్యకి చూపు పోయింది. కటిక చీకటి కాదు, వెలుగూ నీడా తెలిసేవి, ఎదురుగా మనిషి వస్తే ఆకారం తెలిసేది. అంతే. ఆపరేషన్ చేసినా లాభం లేదని డాక్టరు రెండేళ్ళ కిందటే తేల్చేశాడు. ఆఫీసుకి తెలిస్తే ఆ సాయంత్రమే ఇంటికి పంపించేస్తారు. అందుకని ఆ సంగతి మా ముగ్గురి మధ్యే గుట్టుగా ఉంచాం. ఆఫీసు దృష్టిలో పది అచ్చులు మామయ్యవి, ఒకటి నాది. నిజానికి పదకొండూ నావే కాబోతున్నాయి.

గుహ అంటే లోతైన బిలం కాదు. కొండ నడుం దగ్గర ఒక పెద్ద బండ ఇంటి చూరులాగా ముందుకి వంగి ఉంటుంది. దాని కింద నలభైమంది కూర్చోవచ్చు. నేలబండ మీద పదకొండు పడకలు చెక్కి ఉన్నాయి, ఒక్కోటి ఒక్క మనిషి వెడల్పు, తలవైపు రాతి దిండు. రెండువేల ఏళ్ళ కిందట జైన సన్యాసులు వానాకాలం ఊళ్ళు తిరగడం మానేసి అక్కడ ఉండేవారట. ఏ పడక ఎవరు చేయించారో దాని పైన చూరు అంచున చెక్కి ఉంది. పక్కగోడ మీద విగ్రహాలు. ధ్యానంలో కూర్చున్న తీర్థంకరుడు, తల మీద మూడు గొడుగులు, అటొకరూ ఇటొకరూ చామరాలు పట్టుకుని. కాస్త ఎడంగా ఇంకొకాయన, ఒంటి మీద నూలుపోగు లేకుండా నిటారుగా నిలబడి, కాళ్ళకి తీగలు చుట్టుకుని. కొత్తలో నేను ఆ వైపు చూడలేక తల దించుకుంటే మామయ్య, "ఆయనకి లేని సిగ్గు నీకెందుకే? నీళ్ళు పట్రా" అన్నాడు.

ఎక్కివచ్చిన ప్రతివాళ్ళూ ఆసరాకి పట్టుకోగా పట్టుకోగా ఆ కూర్చున్న విగ్రహం మోకాలు నున్నగా మెరిసేది. మామయ్య కూడా దాన్నే పట్టుకుని లోపలికి అడుగు పెట్టేవాడు. తెలియనివాళ్ళు చూస్తే భక్తి అనుకునేవాళ్ళు.

పని చెప్పడానికి తేలిక. ముందు రాతిని నీళ్ళతో కడిగి, సందుల్లో దుమ్ము లేకుండా బ్రష్షుతో తోమాలి. తడిపిన కాగితాన్ని రాతి మీద పరచాలి. గట్టి కుచ్చు బ్రష్షుతో మధ్యలోంచి అంచులకి కొట్టుకుంటూ పోవాలి, కాగితం ప్రతి గీతలోకీ దిగేదాకా. అది ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు గుడ్డమూటతో నల్లసిరా అద్దాలి. రాయి ఎత్తుగా ఉన్న చోట సిరా అంటుతుంది, గీతలోకి దిగిన చోట అంటదు. నలుపు మధ్య తెల్లగా మిగిలిపోయేదే అక్షరం. పూర్తిగా ఆరాక ఊడదీస్తే, ఆ కాగితం వెనకవైపు అక్షరాలు తిరగబడి ఉబ్బెత్తుగా ఉంటాయి.

"అచ్చు తీసేవాడు చదవకూడదు." ఇది మామయ్య పట్టుదల. అన్నేళ్ళ సర్వీసులో ఆయన ఒక్క పాత అక్షరం గుర్తుపట్టడం నేర్చుకోలేదు. నేర్పుతానని లిపిసారు వెంటపడినా నేర్చుకోలేదు.

"చదవడం వస్తే చెయ్యి ఊరుకోదే. లేనిది కూడా ఉందనుకుంటుంది. రాయి ఏం చెబితే అది మోసుకెళ్ళడం మన పని. అర్థం చెప్పుకోడానికి ఆయనున్నాడు, దానికే జీతం తీసుకుంటున్నాడు."

నేను నేర్చుకున్నాను. ఆఫీసు వరండాలో పాత అక్షరాల పటం ఒకటి వేలాడుతుండేది. కూలి సంతకం కోసం గంటలు గంటలు అక్కడ నిలబెట్టేవాళ్ళు కదా, ఊరికే నిలబడ్డం నాకు చేతకాదు. ఏడేళ్ళలో ఆ పటం మొత్తం నోటికి వచ్చేసింది. ఎవరికీ చెప్పలేదు. మామయ్యకి అసలే చెప్పలేదు.

అంచేత ఆ ఎండాకాలం అచ్చులు తీస్తుంటే ఆ రాతలన్నీ నాతో మాట్లాడేవి. నాలుగు పడకలు ఉప్పు వర్తకుడు చేయించినవి. రెండు బట్టల వర్తకుడివి. ఒకటి ఇనుము అమ్మేవాడిది. ఒకటి ఎవరో తల్లీకూతుళ్ళు కలిసి చేయించారు. రాళ్ళ మీద బ్రష్షుతో టపటపా కొడుతూ లోలోపల చదువుకుంటుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో! ముప్ఫై ఎనిమిదేళ్ళు ఈ గోడల పక్కనే కూర్చున్నవాడికి తెలియనిది నాకు తెలుసు అనుకునేదాన్ని. దాచడం ఎందుకు, అలాగే అనుకున్నాను.

ఒక్క బావ దగ్గర నోరు జారాను. అన్నం తింటూ అడిగాడు, "ఏముంటుంది ఆ గీతల్లో? ఇంత హడావుడి చేస్తారు?"

"ఉప్పు అమ్ముకునేవాడు నాలుగు పడకలు చేయించాడు, సన్యాసులకి."

"నాలుగా! ఉప్పులో అంత మిగిలేదా?" అని బావ కాసేపు ఆలోచించాడు. "మనం రాళ్ళు తోలి ఒక్క మంచం కొనలేకపోయాం."

మామయ్య వసారాలో ఉన్నాడు కాబట్టి వినలేదనుకున్నాను.

పదకొండోది అన్నిటికన్నా కొసన, క్వారీ వైపు అంచులో ఉంది. అక్కడ కూర్చుంటే బండ సందులోంచి అవతలి దుమ్ము కనబడేది. క్వారీలో రోజూ పన్నెండింటికి మందుగుండు పేల్చేవాళ్ళు. దానికి ముందు సైరను. సైరను మోగితే మేం సామానంతా అక్కడే వదిలి మలుపు దాకా దిగిపోవాలి. అది ఆఫీసుకీ క్వారీకీ మధ్య ఒప్పందం. ఇక్కడ ఒప్పందం అంటే, పేల్చడం వాళ్ళ వంతు, పరిగెత్తడం మా వంతు.

అది నా పరీక్ష కాబట్టి మామయ్య ఆ పొద్దున నాకు వీపు చూపించి కూర్చున్నాడు. "నేను చూడను" అన్నాడు. ఆ మాటకి ఇద్దరం నవ్వుకున్నాం.

కడిగాను. కాగితం పరిచాను. ప్రాణం పెట్టి కొట్టాను. అంత బాగా నేను ఎప్పుడూ కొట్టలేదు. మొదటి అక్షరం స్పష్టంగా దిగింది. చివర "చేయించిన పడక" అన్న మాట కూడా దిగింది. ఆ రెంటికీ మధ్య అరచెయ్యంత మేర రాయి అరిగిపోయి ఉంది. ఎవరు చేయించారో చెప్పాల్సిన చోటే అరిగింది. కాగితం మీద అక్కడ ఏవో లోతులేని నొక్కులు, అంతే.

సిరా మూట చేతిలోకి తీసుకునేసరికి సైరను మోగింది. తడి ఇంకా కొంచెం ఉంది. వదిలేసి దిగితే, మళ్ళీ వచ్చేసరికి ఆ ఎండకి కాగితం పెళుసెక్కి ఊడిపోతుంది. అద్దడం మొదలుపెట్టాను.

"ఏమే, దిగుదాం" అన్నాడు మామయ్య.

"రెండు నిమిషాలు."

మా పనిలో దొంగతనం చెయ్యాలంటే ఏమీ గియ్యక్కర్లేదు. మూటని ఒకచోట ఆనించకుండా తప్పిస్తే చాలు, అక్కడ తెల్లగా మిగిలిపోతుంది. మొదటి అక్షరం ఉప్పు వర్తకుడిదే. అలాంటివి నాలుగు తీసి ఉన్నాను, తరవాత ఏ గీత ఎటు వంగుతుందో నా చేతికి కంఠతా వచ్చు. ఆ అరిగిన చోట నా చెయ్యి తప్పించుకుంటూ తప్పించుకుంటూ పోయింది. నొక్కుల మీద సిరా పడింది, నొక్కులు లేనిచోట తెలుపు మిగిలింది. నలుపులోంచి ఉప్పు వర్తకుడు బయటికి వచ్చాడు. అబద్ధం ఆడుతున్నానని అప్పుడు నాకు అనిపించలేదు. మసక పట్టిన అద్దాన్ని తుడుస్తున్నట్టే అనిపించింది.

మలుపు దగ్గరికి చేరి ఊపిరి తీసుకునేలోపే కొండ అదిరింది. తిరిగివెళ్ళి చూస్తే కాగితం రాతిని అంటుకునే ఉంది. ఆరాక నెమ్మదిగా ఊడదీశాను.

మర్నాడు లిపిసారు దాన్ని తన బల్ల మీద పరిచి, కళ్ళజోడు పైకీ కిందికీ మార్చి, లేచి నిలబడి చూశాడు. "పెద్దాయనా, నీ మేనకోడలు నిన్ను మించిపోయింది. ఇంత అరిగిపోయిన దాన్ని ఇంత శుభ్రంగా నువ్వు కూడా తియ్యలేదు."

మామయ్య మొహం వెలిగిపోయింది.  

"సోమవారం నేనే కొండకి వస్తా. రాతితో ఒకసారి సరిచూసి సంతకం పెట్టేస్తా" అని, అంచులు కత్తిరించి, వెనక నంబర్లు వేసి, కట్ట కట్టి తెమ్మని అచ్చులన్నీ తిరిగి ఇచ్చాడు.

శనివారం సాయంత్రం బావ డ్యూటీ నుంచి వచ్చి, కాళ్ళు కూడా కడుక్కోకుండా గుమ్మంలోనే కూర్చున్నాడు. ఒళ్ళంతా తెల్లటి పొడి.

"నాన్నా, మీ గుహ చూరు విరిగింది. నిన్నటి పేలుడికి. అటు కొస మా వైపు జారిపోయింది."

"ఏ పడక మీదది?"

"కొసది. నాకేం తెలుసు? పొద్దున లోడర్ ఎత్తి పోస్తోంది, నేను మోసుకెళ్ళి క్రషర్లో పోస్తున్నా. నాలుగోసారి వచ్చినప్పుడు చూశా, ఒక ముక్కకి అంచు నున్నగా ఉంది, చేత్తో చెక్కినట్టు. ఆపమని అరిచా. ఆ ముక్క మీద రాతలేం లేవు." బావ మొహం మీది పొడి తుడుచుకున్నాడు. "అప్పటికే నావి మూడు లోడ్లు వెళ్ళిపోయినయ్ నాన్నా."

 మామయ్య నేనున్న వైపుకి మొహం తిప్పాడు.

"ఫరవాలేదురా. దీని అచ్చు ఉందిగా."

ఆ రాత్రి నేను అన్నం కెలికి లేచాను. ఒక్క మాట, "ఫరవాలేదు" అన్న మాట, నన్ను అంతలా పొడుస్తుందని అనుకోలేదు. సోమవారం లిపిసారు రాతితో సరిచూసేటప్పుడు తేడా తెలిస్తే తెలుస్తుంది, నన్ను రెండు తిట్టి మళ్ళీ తియ్యమంటాడు అని లోపల ఎక్కడో ధైర్యంగా ఉన్నాను కాబోలు. ఇప్పుడు సరిచూడ్డానికి రాయే లేదు.

సోమవారం ఆయన కొండకి వచ్చాడు. విరిగిన చోట తెల్లగా, పచ్చిగా ఉంది బండ. లిపిసారు కొస పడక మీదే కూలబడ్డాడు. ఎన్నో ఏళ్ళుగా ఆ క్వారీ ఆపమని కాగితాలు రాసి రాసి అలిసిపోయిన మనిషి. కాసేపటికి నన్ను పిలిచి, "ఇంక ఈ రాతకి సాక్ష్యం నీ కాగితమేనమ్మా" అన్నాడు. "ఇంకో వారం ఆలస్యం చేసుంటే అదీ ఉండేది కాదు. నీ ఆర్డరు టైపు చేయిస్తున్నా."

విగ్రహాలు మాత్రం చెక్కుచెదరలేదు. వెళ్ళేటప్పుడు మామయ్య ఆ మోకాలు పట్టుకుని, వదలకుండా, కాస్త ఎక్కువసేపే నిలబడ్డాడు. ఇంటికి వచ్చేసరికి బావ వసారాలో పడుకుని ఉన్నాడు. డ్యూటీకి వెళ్ళలేదు. టిప్పర్ తాళాలు మేస్త్రీ చేతికి ఇచ్చేసి వచ్చాడట. ఎందుకని మేం అడగలేదు, తనూ చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం మామయ్యా నేనూ నేల మీద కూర్చుని కట్ట కడుతున్నాం. నేను అంచులు కత్తిరించి ఒక్కొక్కటీ అందిస్తుంటే, ఆయన బోర్లా తిప్పి, వెనకవైపు వేళ్ళతో ఒకసారి తడిమి పక్కన పెడుతున్నాడు. కాగితం చిరుగులేమైనా ఉన్నాయేమోనని చూస్తున్నాడనుకున్నాను. పదీ అయ్యాయి. పదకొండోది ఇచ్చాను.

తడిమాడు. ఆగాడు. మళ్ళీ మొదటినుంచి తడిమాడు.

"ఇది ఏది?"

"కొసది. నేను తీసింది."

"మధ్యలో సిరాలో ఏం కనబడుతోంది నీకు?"

"అక్షరాలు."

"ఎన్ని?"

"ఆరు."

"నా వేళ్ళకి మూడే తగులుతున్నాయే" అన్నాడు మెల్లగా. "రెండు బాగానే తగులుతున్నాయి. మూడోది సగం."

నా చేతిలో కత్తెర అలాగే ఉండిపోయింది. చెప్పేశాను. పటం సంగతి, చదవడం నేర్చుకున్న సంగతి, సైరను, అన్నీ. మధ్యలో ఏడుపు వచ్చింది, దాన్ని పట్టించుకోకుండా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే ఎంత బాగుండేది!

"కొట్టడం నిజాయితీగానే కొట్టావు" అన్నాడు ఆ కాగితం మీద చెయ్యి తీయకుండా. "అందుకే కాగితంలో ఉంది. అద్దేటప్పుడే తెలివి అడ్డం వచ్చింది." మళ్ళీ తనే, "ఎవడో పాపం, ఉన్నదాంట్లో ఒక పడక చేయించాడు. ఒక్కటే. పేరు పెట్టుకున్నాడు. నువ్వు అది లాక్కుని ఉప్పోడికి ఇచ్చావు. వాడికి ముందే నాలుగున్నాయిగా."

అంటే ఆ రోజు అన్నాల దగ్గర మాట విన్నాడు. విని, ఇన్ని రోజులూ నోరు మెదపలేదు.

వసారాలోంచి బావ లేచి వచ్చాడు. "నాన్నా, రాయి ఎలాగూ లేదు. నేనే క్రషర్లో పోసి వచ్చా. ఎప్పుడో చచ్చినవాడి పేరు కోసం దీని నోటి దగ్గర కూడు తీసేస్తావా? నాకా, పని లేదు. ఏడేళ్ళు నీళ్ళు మోసింది, తెలుసా నీకు?"

"తెలుసురా. నేనే మోయించా."

"మరి?"

"మరేముంది? నేను ఏమీ చెప్పమనలేదు. రాయి లేదు, నాకు కళ్ళు లేవు. ఇది చెప్పకపోతే ఎవడికీ తెలియదు. దాని ఇష్టం."

"చెబితే నీ సంగతి కూడా బయటపడుతుంది మామయ్యా" అన్నాను. "ఒకటి తప్పయితే పదీ ఎవరు తీశారని అడుగుతారు."

"అడిగితే చెబుతా" అన్నాడు, ఎవరో టైమెంతని అడిగితే చెప్పినట్టు.

ఆయన మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. చెప్పొద్దంటే మానేసేదాన్ని, చెప్పి తీరాలంటే ఆయన వల్లే ఉద్యోగం పోయిందని జీవితాంతం దెప్పుకునేదాన్ని. రెండూ ఇవ్వలేదు. ఆ సాయంత్రమంతా గిన్నెలు గట్టిగా తోమాను. బావ ఒకటి రెండుసార్లు వంటింటి గుమ్మం దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయాడు. పొద్దున్నే లేచి అచ్చులన్నీ చుట్టి కట్ట కట్టాను. పదకొండోది అన్నిటికీ పైన పెట్టాను. "నేనూ వస్తా" అని మామయ్య చెప్పులు వెతుక్కున్నాడు.

ఆ ఉద్యోగం నాకు రాలేదు. ఇక్కడిదాకా చదివినవాళ్ళని ఊరించడం ఎందుకు, ఇప్పుడే చెప్పేస్తున్నాను.

లిపిసారు బల్ల మీద నా ఆర్డరు టైపు చేసి ఉంది, సంతకం ఒక్కటే తక్కువ. దాని పక్కనే అచ్చు పరిచి, నేను ఎక్కడ ఏం చేశానో వేలు పెట్టి చూపించాను. ఆయన మొహం ఎర్రబడింది. నన్నేమీ అనకుండా మామయ్య మీదకి తిరిగాడు.

"నువ్వేం చేస్తున్నావు పెద్దాయనా? పక్కనే ఉండి చూసుకోవద్దూ?"

"నాకు చూపు లేదండి" అన్నాడు మామయ్య. "రెండేళ్ళయింది. ఈ పదకొండే కాదు, ఈ రెండేళ్ళలో నేను తెచ్చినవన్నీ ఇది తీసినవే."

 లిపిసారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. ఆయనకి మామయ్యంటే గౌరవం. అందుకే ఆ దెబ్బ ఎక్కువ తగిలింది.

"అంటే ఇప్పుడు నేను దేన్ని నమ్మాలి?"

"వీటిల్లో పది నమ్మండి. వెనకవైపు వేళ్ళతో చూశా. పదిట్లోనూ సిరా ఉన్నచోటే రాయి ఉంది. పాతవి కూడా తెప్పించండి, మీ ఎదురుగానే చూస్తా. ఇది ఒక్కటే తప్పింది. అదైనా సిరా తప్పింది కానీ కాగితం తప్పలేదు. వెనక్కి తిప్పి చూడండి."

నెత్తిన మిగిలిన నాలుగు వెంట్రుకల కోసం లిపిసారు సొరుగులో ఒక చేతి అద్దం పెట్టుకునేవాడు. దాన్ని తీశాడు. నన్ను కిటికీ దగ్గర నిలబెట్టి, అచ్చుని బోర్లా తిప్పి ఎత్తి పట్టుకోమన్నాడు. పక్కనుంచి ఎండ పడేసరికి ఆ అరిగిన చోట కాగితం మీద చిన్న చిన్న నీడలు లేచాయి. అద్దంలో అవి సరైన వైపుకి తిరిగి కనిపించాయి. చాలాసేపు చూశాడు. ఒక చేత్తో అద్దం, ఒక చేత్తో పెన్సిలు. అరిగిన చోటి మొదటి అక్షరం రాసుకున్నాడు. రెండోది రాసుకున్నాడు. ఉప్పు కాదు.

నా చేతులు లాగేస్తున్నాయి. కదిపితే నీడలు కదులుతాయి, కదపలేదు.

"మూడోది సగమే ఉంది" అన్నాడు. కోపం ఎటు పోయిందో, పనిలో పడ్డ మనిషి గొంతు అది. అద్దం నా వైపుకి తిప్పాడు. "నీకు చదవడం వచ్చుగా. ఏమై ఉంటుందంటావు?"

నన్ను పరీక్షించాడో, నిజంగానే అడిగాడో ఇప్పటికీ తెలియదు. చూశాను. ఒక నిలువు గీత, దాని కింద ఎడమవైపుకి వంపు, ఆ పైన ఏమీ లేదు. ముందున్న రెండు అక్షరాలతో కలిపి చూస్తే ఒక్క క్షణంలో తోచింది. వర్తకుడు కాదు. ఆ గుహలో అలాంటి మనిషి పేరున పడక ఉంటుందని ఎవరూ అనుకోరు. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది చెబితే ఆయన ఎగిరి గంతేస్తాడని తెలుసు. ఆర్డరు ఇంకా ఆ బల్ల మీదే ఉందని కూడా తెలుసు.

మామయ్య కుర్చీలో మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, ఎటో చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"తెలియదండి" అన్నాను.

లిపిసారు ఇంకాసేపు నన్నే చూసి, రెండు అక్షరాల పక్కన, తెలియని అక్షరానికి గుర్తుగా, ఒక చుక్క పెట్టాడు. అచ్చుని తనే చుట్టాడు. ఆర్డరు కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టాడు.

మామయ్య ఆ వారమే ఇంటికి వచ్చేశాడు. ఖాళీలోకి వేరే ఆఫీసునుంచి ఒకతను వచ్చాడు, నేను అతని వెనకాల కాగితాలు తడిపాను. బావ మళ్ళీ ఏ క్వారీకీ పనికి పోలేదు. నాలుగేళ్ళకి శాసనాల పుస్తకం అచ్చయింది. అందులో పదకొండో పడక దగ్గర, అరిగిన పేరు చోట, రెండు అక్షరాలూ ఒక చుక్కా ఉన్నాయి. మామయ్య ఆ పేజీ తియ్యమని, చుక్క ఎక్కడుందో చూపించమని నా వేలు పట్టుకుని అడిగాడు. చూపించాను. మూడో అక్షరం ఏమై ఉంటుందని ఆ రోజు నాకు తోచిందో ఆయన అడగలేదు, నేను ఆయనకి చెప్పలేదు, బావకి చెప్పలేదు, ఇక్కడా రాయను.